దువేరో తీరమున దుర్గయాత్ర

స్పెయిను పీఠభూమిలో గోర్మాజ్ మొదలుకొని సిగ్వెంజా వరకు, కోటనుండి కోటకు సాగు పాతబాటలపై కాలినడకగా, సైకిలుపైన

స్పెయిను దేశపు ఉత్తర పీఠభూమిలో, సోరియా జిల్లాయందు, బుర్గో దె ఓస్మా అను చిన్న పట్టణమునుండి దక్షిణముగా గోధుమచేల నడుమ మట్టిబాట పట్టిన బాటసారికి, ఇంకను రెండు గంటల నడక మిగిలియుండగానే, ఆకాశపుటంచున పొడవైన గోడయొకటి కానవచ్చును. మొదట అది కొండనెత్తిన సహజముగా పొటమరించిన రాతిపొరయేమోయని తోచును. కొంతదూరము పోయిన పిమ్మట ఆ పొరలో నిలువుగీతలేర్పడి బురుజులుగా విడివడును. మరికొంత సాగినంతట ఏ బురుజు చెక్కుచెదరక నిలిచియున్నదో, ఏ బురుజు నడుమకు విరిగినదో తేటపడును. బాట పల్లమునకు దిగినప్పుడు కోట మాయమై, మెరక నెక్కగానే ముందటికంటె ఒకింత పెద్దదై ఎదుట నిలుచును. ఎండ ముదిరి, భుజముపై సంచి బరువెక్కి, సీసాలో నీరు అడుగంటునప్పటికి గాని కొండపాదము చేరము. ఇది గోర్మాజ్ దుర్గము. ఆ కొసనుండి ఈ కొసకు సుమారు 400 మీటర్ల పొడవు, కిలోమీటరునకు పైబడిన చుట్టుకొలత, 25కు పైగా బురుజులు గల ఈ కోట, పదవ శతాబ్దపు ఐరోపాలోని మిక్కిలి విశాలమైన దుర్గములలో నొకటి.

బుర్గో దె ఓస్మానుండి ఇక్కడికి దూరము పదునైదు కిలోమీటర్ల ప్రాంతము. కారున్నవారు ఇరువది నిమిషములలో వచ్చి, కోటగుమ్మము చేరువవరకు తారురోడ్డుపై ఎక్కి, ఛాయాచిత్రములు తీసికొని, మధ్యాహ్న భోజనమునకు మరియొక ఊరు చేరుకొనగలరు. వారి చూపును నేను తక్కువచేయను. అయినను, ఈ కోటలు కట్టిన కాలమున ఇక్కడికి ఎవరును ఇరువది నిమిషములలో రాలేదు గదా! దండెత్తివచ్చిన శత్రువైనను, పన్ను చెల్లింపవచ్చిన రైతైనను, కంచరగాడిదలపై ఉప్పుబస్తాలు వేసికొనిపోవు వర్తకుడైనను, గంటల తరబడి ఆ గోడల కనుసన్నలలో నడచియే రావలెను. ఆ గంటలన్నియు పైనుండి ఎవరో తన్ను చూచుచున్నారన్న యెరుక అతనిని వెన్నంటియే యుండవలెను. కోట కట్టినవారు రాతిని ఎంత శ్రద్ధతో పేర్చిరో, ఈ దూరమును గూడ అంత శ్రద్ధతో లెక్కించిరి. ఆ లెక్క కాళ్లకు తప్ప తెలియదని నా విశ్వాసము. కావుననే మధ్యయుగపు కోటలను చూడగోరువారు, శరీరము సహకరించినంతమేర, నడచి గాని సైకిలు తొక్కి గాని వాటిని చేరవలెనని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

గోర్మాజును నేడు మనము చూచు రూపమున కట్టించినవాడు గాలిబ్ అను సేనాని. దాస్యమునుండి విముక్తుడై, కోర్దోబా ఖలీఫాల కొలువున అంచెలంచెలుగా పైకివచ్చి, ఆంధలూసియా రాజ్యపు ఉత్తర సరిహద్దు భారమంతయు భుజములపై మోసిన వృద్ధవీరుడతడు. 946లో మెదీనాసేలి పట్టణమును పునర్నిర్మించి సరిహద్దు సేనలకు కేంద్రముగా చేసిన యతడే, ఖలీఫా రెండవ అల్ హకమ్ కాలమున, 965 ప్రాంతమున, దువేరో నదిపై ఈ కొండను దుర్గముగా తీర్చెను. నదికి ఉత్తరమున కాస్తీల్ ప్రభువులు, దక్షిణమున ఖలీఫా సేనలు. నడుమ ప్రవహించు దువేరో వేసవిలో అనేక స్థలముల కాలినడకన దాటదగినంత పలుచబడును. ఏ రేవున దాటినను శత్రువు కంటబడవలెను. అందులకే యీ కొండ. 975లో కాస్తీల్ ప్రభువైన గార్సీ ఫెర్నాందెజ్, లియోన్, నవార్ సేనలను గూడ కలుపుకొని, వసంతకాలమంతయు ఈ కోటను ముట్టడించి కూర్చుండెను. వేసవి మొదట గాలిబ్ వచ్చి ఆ కూటమిని చెదరగొట్టెను. పిమ్మట చేతులు మారి మారి, 1060లో కాస్తీల్ రాజు మొదటి ఫెర్నాందో వశమైనది. 1087 ప్రాంతమున రాజు ఆరవ అల్ఫాన్సో దీనిని రోద్రీగో దియాజునకు, అనగా ‘ఎల్ సిద్’ అను బిరుదుతో లోకము నేటికిని స్మరించు వీరునకు, ఒసగెను. సరిహద్దు దక్షిణమునకు జరిగిన కొలది కోటకు పని తగ్గిపోయినది. పనిలేని కోటను పెద్దగా మార్చి కట్టువారును లేకపోయిరి. ఆ నిర్లక్ష్యమే నేడు మన భాగ్యమైనది. పదవ శతాబ్దపు గోడ పదవ శతాబ్దపు గోడగనే మనకు దక్కినది.

ఆ గోడ చెంత నిలిచి ఒక్క గజము మేర తదేకముగా చూడవలెను. చెక్కిన దిమ్మెలలో కొన్ని తమ నిడుపును మనవైపు చూపును, కొన్ని తమ కొసను మాత్రమే చూపి తక్కిన దేహమును గోడలోనికి చొప్పించియుండును. నిడుపు, కొస, కొస, నిడుపు, ఇట్లు వరుసలు సాగును. కోర్దోబా మహామసీదు కట్టినవారి పద్ధతియు ఇదియే. రాజధానినుండి వందల కిలోమీటర్ల దూరమున, గాలియు మంచును తప్ప మరేమియు లేని యీ కొండపై, రాజధాని శిల్పులు తమ అలవాటును ఇసుమంతయు సడలింపలేదు. దక్షిణపు గోడలో, గుర్రపునాడా ఆకృతిగల రెండు కమానులతో, ఒంటెపై కూర్చున్న మనిషియైనను తలవంచనక్కరలేనంత ఎత్తున సింహద్వారమున్నది. ఆ ద్వారమున నిలిచి క్రిందికి చూచితిని. నేను ఉదయమునుండి నడచివచ్చిన బాట, ఆగి నీరు త్రాగిన చెట్టు, దారి తప్పితినేమోయని శంకించి కూర్చున్న మలుపు, సమస్తమును అరచేతిలో నున్నట్లు స్పష్టముగా కనబడెను. నేను కోటను చూచుచు వచ్చితినని అంతవరకు అనుకొంటిని. కోటయే నన్ను ఉదయమునుండి చూచుచుండెనని అప్పుడు బోధపడెను.

కొండ సగము దిగినంతట సాన్ మిగెల్ అను చిన్న ప్రార్థనాలయ మున్నది. సున్నపుపూత మాటున శతాబ్దములుగా దాగియుండి, గత శతాబ్దపు చివర వెలుగుచూచిన పన్నెండవ శతాబ్దపు కుడ్యచిత్రములు అందులో కలవు. కోటకు దిగువనున్న గోర్మాజ్ గ్రామమున స్థిరనివాసులు ఒక ఇరువదిమంది ఉందురేమో! సైన్యములు నిలిచిన కొండ అంతటిది, నేడు దానిని చూచుకొను ఊరు ఇంతటిది.

ఈ శూన్యమును గూర్చి చెప్పకుండ సోరియాను గూర్చి చెప్పలేము. 10,300 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముగల ఈ జిల్లాలో నివసించువారు సుమారు 90,000 మాత్రమే. చదరపు కిలోమీటరునకు తొమ్మండుగురు లేరు. గత శతాబ్దపు నడిమి దశకములలో పల్లెలన్నియు మాద్రిదునకు, బార్సెలోనాకు, బిల్బావోకు వలసపోయినవి. నడచువాడు ఒక ఊరు చేరును. చర్చి గోపురమున్నది, దానిపై కొంగల గూడున్నది, నీటిధార ఆగని రాతి తొట్టి యున్నది, తలుపులన్నియు మూసియున్నవి. ఒక పల్లెలో అట్లే తొట్టిగట్టుపై కూర్చుండియుండగా, మోటారుబండి హారను సుదీర్ఘముగా మ్రోగెను. అంతవరకు ప్రాణి లేదనుకొన్న వీథిలో నాలుగు తలుపులు తెరచికొని, చేసంచులతో నలుగురు ముసలివారు బయటికి వచ్చిరి. అది రొట్టెలబండి. వారమున కొన్ని దినములు వచ్చును. మందుబిళ్లలు, ఉత్తరములు, వార్తలు గూడ కొన్నిచోట్ల దానివెంటనే వచ్చును. ఆ నలుగురిలో ఒకాయన నన్ను ఎచటివాడవని అడిగెను. ఆంధ్రదేశమన్న పేరు ఆయనకు తెలియదు. అనంతపురము పేరు చెప్పగానే ఆయన ముఖము వికసించినది. 1969 మొదలు తన జీవితమును అనంతపురపు కరవుసీమకు అంకితము చేసిన విసెంతె ఫెర్రర్ పేరు స్పెయినులో తెలియని పల్లె అరుదు. స్పెయినులోని వేలాది కుటుంబములు అనంతపురపు పిల్లల చదువునకు నెలనెలా డబ్బు పంపుచున్నవి. ఆ పెద్దమనిషి తన రొట్టెలలో నొకటి నా చేతిలో పెట్టి, వెల ఇయ్యబోవగా వలదనెను. వాన ముఖమెరుగని మెట్టనేల ఎట్లుండునో ఇరువురమును ఎరిగినవారమే గనుక, తక్కిన సంభాషణకు భాష అంతగా అడ్డురాలేదు.

దారుల మాట కొంత విపులముగా చెప్పవలెను, ఏలయన కాలినడకకు కోటకంటె ముందు కావలసినది బాట. కాస్తీల్ దేశమున గొర్రెలమందలు వేసవిలో ఉత్తరపు కొండలకును, శీతకాలమున దక్షిణపు మైదానములకును తరలిపోవుట యనాదిగా నున్న ఆచారము. 1273లో రాజు పదవ అల్ఫాన్సో ఈ కాపరుల సంఘమగు ‘మెస్తా’కు హక్కుపత్రములొసగి, వారి బాటలను కాపాడెను. రాచబాటల వెడల్పు తొంబది కాస్తీల్ గజములు, అనగా 75 మీటర్లు. మందలు తగ్గినను బాటలు చావలేదు. 1995లో చేసిన శాసనము వాటిని ప్రజల ఆస్తిగా నిలిపి, మందలకు అడ్డుకానంతవరకు నడచువారికి, గుర్రపురౌతులకు, సైకిలువారికి వాటిపై తిరుగు స్వేచ్ఛనిచ్చినది. ఒకని పొలము త్రొక్కక, ఎవరి అనుమతియు వేడక, దినమంతయు నడువగల నేల ఒక దేశమున మిగిలియుండుట ఎంతటి సంపదయో, కాలిబాటలన్నియు కంచెలలో చిక్కిన చోట పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ బాటలను, పల్లెదారులను కలుపుచు నేడు ‘సిద్ మార్గ’మని పేరుగల యాత్రాపథమొకటి బుర్గోస్ ప్రాంతమునుండి మధ్యధరా తీరమువరకు సాగుచున్నది. రాజాగ్రహమునకు గురియై దేశబహిష్కృతుడైన రోద్రీగో దియాజ్ ప్రయాణమును వర్ణించు ప్రాచీన స్పానిష్ వీరకావ్యమే దీనికి పటము. ఎనిమిది జిల్లాల పాలకమండళ్లు కలిసి దీనిని నిర్వహించుచున్నవి. నడచువారికి వేరుగా, సైకిలువారికి వేరుగా గుర్తులు నాటియున్నారు. యాత్రికుడు ఒక పత్రము వెంట ఉంచుకొని ఊరూర ముద్ర వేయించుకొనును. కావ్యమును చేతబట్టి ఈ దారిని మొదట పరిశీలించిన వారిలో మహాపండితుడు రమోన్ మెనెందెజ్ పిదాల్, ఆయన ధర్మపత్ని మరియా గోయ్రీ ముఖ్యులు. 1900 మే నెలలో వివాహము చేసికొని, నూతనదంపతుల విహారమునకు వారు ఎన్నుకొన్నది ఈ ఎండమెట్టలనే! ఆ నెల 28న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఓస్మాలో ఆగినప్పుడు, బట్టలుదుకు స్త్రీయొకతె పాడిన పాట మరియా చెవిని బడెను; పదునైదవ శతాబ్దపు చివర మరణించిన యువరాజును గూర్చి, గ్రంథములలోనెక్కడను లేని, జనుల నోట మాత్రమే బ్రతికియున్న గాథ యది. ఆనాడు మొదలుపెట్టి వారు జీవితాంతము కూర్చిన జానపదగాథల భాండారము స్పానిష్ సాహిత్యచరిత్రనే మార్చినది. బండిలో వేగముగా పోయినచో రేవున పాడుచున్న స్త్రీ గొంతు వినబడునా యని నాకు తోచును.

గోర్మాజునుండి దువేరో వెంట తూర్పుగా, ఒక పూట నడకలో, బెర్లాంగా పట్టణము వచ్చును. నడుమ 1985 మొదలు ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయిన వల్యదోలిద్–అరీజా మార్గపు స్టేషనులు గడ్డిమొలిచి కనబడును. వాటికంటె వేయేండ్లు ముందటి కావలి బురుజులు మెట్టలపై ఇంకను గట్టిగనే యున్నవి. గుండ్రని బురుజులు, నేలకు మనిషి యెత్తుకు పైన గుమ్మము, నిచ్చెన వేసికొని ఎక్కి, పిమ్మట నిచ్చెనను లోపలికి లాగుకొనుట యాచారము. పగలు పొగ, రాత్రి మంట. ఒక బురుజు చెప్పిన వార్తను రెండవది అందుకొని మూడవదానికి చేరవేయును. నడచుచు వెనుదిరిగి చూచిన ప్రతిసారియు ఏదో ఒక బురుజు కంటబడుచునే యుండుట గమనించినవానికి, ఇవి విడివిడి కట్టడములు కావని, నదిపొడవున పరచిన ఒకే వలలోని ముడులని తెలియును. బెర్లాంగా కోటకు ఫిరంగుల కాలమునాటి బలిసిన గోడ చుట్టియున్నది. లోపల అంతకు ముందటి సన్నని కోట దాగియున్నది. చూడదగినదే గాని, ఇచట నా మనస్సు కోటపై నిలువలేదు. పట్టణమునకు దక్షిణముగా కొన్ని కిలోమీటర్ల దూరమున, కాసిల్యాస్ పల్లె దాటిన పిమ్మట, గుట్టవాలున నున్న సాన్ బౌదేలియో అను ఆరామము దానిని లాగుకొనిపోయెను.

బయటికి అది పశువులకొట్టము వలె నున్న నాలుగుపలకల రాతికట్టడము. లోపల అడుగిడినంతనే నట్టనడుమ తాళవృక్షపు మ్రానుబోలిన లావుపాటి రాతికంబము, దాని తలనుండి ఎనిమిది దిక్కులకు మట్టలవలె విచ్చుకొని పైకప్పును మోయు కమానులు, వెనుకవైపు గుర్రపునాడా కమానులతో సన్నని కంబముల చిన్న అరణ్యము. పదునొకండవ శతాబ్దపు చివర, సరిహద్దు అప్పుడే దాటిపోయిన నేలపై, క్రైస్తవ దేవునికొరకు, అరబ్బుల విద్య నేర్చిన చేతులు కట్టిన గుడి యిది. గోడలనిండ పన్నెండవ శతాబ్దపు చిత్రములుండెడివి: కుందేళ్లను తరుము వేటగాడు, ఎలుగుబంటి, ఒంటె, వీపున కోటను మోయు ఏనుగు. 1917లో ప్రభుత్వము దీనిని జాతీయ స్మారకముగా ప్రకటించినది. అయినను 1922లో దీని యజమానులైన పల్లెవాసులు ఆ చిత్రములను 65,000 పెసేతాలకు ఒక కళావస్తు వ్యాపారికి అమ్మిరి. న్యాయస్థానములలో వ్యాజ్యము నడచి, సర్వోన్నత న్యాయస్థానము కొనుగోలుదారుల పక్షమున తీర్పుచెప్పగా, 1926లో గోడలకు గుడ్డ అతికించి, రంగుపొరను చర్మమువలె ఒలిచి, అమెరికాకు తరలించిరి. న్యూయార్కు, బోస్టను, ఇండియానాపొలిస్, సిన్సినాటి నగరముల సంగ్రహాలయములలో అవి చెదరిపోయినవి. 1957లో సెగోవియా జిల్లాలోని ఒక చర్చి గర్భభాగమును రాయి రాయిగా విప్పి న్యూయార్కునకు పంపి, దానికి మారుగా ఆరు చిత్రములను మాద్రిదులోని ప్రాదో మ్యూజియమునకు తెచ్చుకొనిరి. ఏనుగు వాటిలో నున్నది.

ఆ పల్లెవాసులను నిందించుటకు నాకు నోరురాదు. ఆకలిగొన్నవాని గోడపై ఏనుగు ఉన్ననేమి, లేకున్ననేమి? తప్పు, స్మారకమని కాగితముపై వ్రాసి, కావలికి ఒక మనిషిని గాని, పల్లెకు ఒక పైసను గాని పంపని రాజధానిది. ఐనను ఆ ఒలిచిన గోడలయెదుట నిలిచినవాని గుండె కలుక్కుమనక మానదు. రంగు పోయినను నీడ పోలేదు. సున్నమున ఇంకిన వర్ణము ఏనుగు వీపును, ఒంటె మెడను ఇంకను పట్టియిచ్చుచున్నది. 1949 ఏప్రిలులో స్పెయిను ప్రభుత్వము, ఎంత శిథిలమైనను సరే, దేశములోని కోటలన్నిటిని రక్షణక్రిందికి తెచ్చుచు శాసనము చేసినది. ఇట్టి గాయములే ఆ బుద్ధిని పుట్టించియుండును.

బెర్లాంగానుండి దక్షిణమున అతియెంజాకు సుమారు యాబది కిలోమీటర్లు. సైకిలునకు ఒక దినము, కాళ్లకు రెండు. ఈ భాగమును నేను అద్దె సైకిలుపై సాగితిని. ఎగుడుదిగుడు మెట్టలు, మరుగుజ్జు ఓకుచెట్లు, కాలికింద నలిగి ఘాటుగా గుబాళించు వాముజాతి పొదలు, తలపై గుంపులుగా తిరుగు రాబందులు. మన ఊళ్లలో ఒక తరము పిల్లలు చూడనేలేని ఆ పక్షి, రెండున్నర మీటర్ల రెక్కలు చాచి, రెక్క యాడింపకయే లోయను దాటుట చూచి సైకిలు దిగి చాలసేపు నిలిచితిని. వాన కురిసిన మరునాడు మాత్రము ఈ దారి పరీక్షయే: ఎర్రబంక చక్రమునకు, మడ్గార్డునకు నడుమ ముద్దకట్టి, అడుగడుగున పుల్లతో గీకిననే గాని చక్రము తిరుగదు. అట్టి దినమున తారురోడ్డు పట్టుటలో అవమానమేమియు లేదు. ఆ రోడ్లపై గంటకొక్క వాహనమైనను వచ్చుట కష్టము.

ఈ నడుమ తొర్రెవిసెంతే అను పల్లె యున్నది. 981 జూలైలో గాలిబ్ మరణించిన రణభూమి ఇచటనేనని చరిత్రకారులు గుర్తించుచున్నారు. గోర్మాజ్ కట్టిన గాలిబు నెదిరించి ఆనాడు నిలిచినవాడు మరెవ్వడో కాడు, స్వయముగా అతని అల్లుడు. బాలఖలీఫా పేరుతో రాజ్యమును తన గుప్పిట పట్టిన మంత్రి అల్ మన్సూర్ అతడు. గాలిబు ప్రక్కన నిలిచి పోరాడినవాడు, ఆరేండ్ల క్రిందట గోర్మాజును ముట్టడించి అతని చేత ఓడిన గార్సీ ఫెర్నాందెజ్! ఎనుబదేండ్లు పైబడిన గాలిబ్, గెలుపు చేతికందుచుండగా, గుర్రము తడబడి జీనుకొమ్ము రొమ్మున గుచ్చుకొని ప్రాణము విడిచెనని అరబ్బు చరిత్రలు చెప్పును. శిలువకును నెలవంకకును జరిగిన యుద్ధములని పాఠ్యపుస్తకములు విడదీసి చెప్పు ఆ శతాబ్దములు, ఈ పల్లెయెదుట నిలిచినవానికి అంత సులువుగా విడివడవు. సిద్ సైతము బహిష్కృతుడైన యేండ్లలో సారగోసా ముస్లిము రాజుల కొలువున కత్తిపట్టినవాడే.

అతియెంజా కోట దూరమునుండియే భయము గొలుపును. సముద్రమట్టమునకు 1,100 మీటర్లకు పైనున్న ఊరు. ఊరి నెత్తిన నిట్టనిలువు బండ, బండ కొసన ఒంటరి బురుజు. బండపై రాతిని తొలిచిన రెండు నీటితొట్లు తప్ప పెద్దగా మిగిలినది లేదు. కాని పైకెక్కి నాలుగు దిక్కులు చూచినవాడు ఈ కొండను ఏల అందరును కోరిరో వేరుగా అడుగడు. ఈ ఊరి బలము కోటలో కంటె కంచరగాడిదలను తోలు వర్తకులలో నుండెను. 1162లో, తండ్రి మరణింపగా రాజైన ఆరేడేండ్ల బాలుడు ఎనిమిదవ అల్ఫాన్సోను, లియోన్ రాజైన అతని పినతండ్రి చెరబట్టవచ్చినప్పుడు, ఈ వర్తకులు ఆ బాలునికి తమ వేషము వేసి, తమ మందలో నడిపించుకొని, ఏడు దినముల ప్రయాణమున ఆవిలా నగరమునకు చేర్చిరని పరంపరగా చెప్పుకొందురు. ఆ వర్తకుల సంఘము నేటికిని కలదు. ఏటేట పెంతెకోస్తు ఆదివారమున సభ్యులు నల్లని అంగీలు ధరించి గుర్రములెక్కి ఊరిబయటి గుడికి ఊరేగుదురు. రాజులు కట్టిన గోడలు కూలినవి, సామాన్యులు పెట్టుకొన్న సంఘము ఎనిమిది శతాబ్దములకు పైగా కూలలేదు.

ఆ వర్తకుల సంపద యెక్కడినుండి వచ్చినదో అతియెంజానుండి సిగ్వెంజాకు పోవు దారిలోనే, ఇమోన్ పల్లెవద్ద, కనబడును. సముద్రమునకు ఎంతో దూరమున, దాదాపు వేయి మీటర్ల ఎత్తున, ఉప్పుమళ్లు! భూగర్భమున నున్న పురాతన లవణపు పొరలను కరగించుకొని వచ్చు ఉప్పునీటిని, కంచరగాడిదలు త్రిప్పు జలచక్రములతో పైకితోడి, గులకరాళ్లు పరచిన మళ్లలో ఎండబెట్టెడివారు. మధ్యయుగములనుండి ఇరువదవ శతాబ్దపు చివరవరకు పండిన ఉప్పు అది. మళ్ల అంచులు నేడు ఒరిగియున్నవి, విశాలమైన కొఠార్లు కప్పు కూలుచున్నవి. వంగి మడిగట్టు తడిమినచో వ్రేళ్లకు తెల్లని పలుకులు ఇంకను అంటును. రాజులును బిషపులును ఈ లోయకొరకు ఏల తగవులాడిరో, ఇన్ని కోటలు ఇంత చేరువగా ఏల లేచినవో, ఆ పలుకులు నాలుకపై వేసికొన్నవానికి వివరింపనక్కరలేదు.

సిగ్వెంజా కోట బిషపులది. 1124లో నగరము క్రైస్తవుల వశమైన పిమ్మట శతాబ్దముల తరబడి వారి నివాసము. రాజు క్రూర పేద్రో విడనాడిన భార్య, ఫ్రెంచి రాకుమారి బ్లాంకా, ఇచట కొంతకాలము బందీగా నుండెను. యుద్ధములలో నలిగి శిథిలమైన దానిని 1970ల దశకమున ప్రభుత్వము మరల కట్టి యాత్రికుల హోటలుగా తీర్చినది. పడక మెత్తనిది, భోజనము రుచికరము. కాని ప్రతి రాయియు కొత్తగా సర్దుకొన్న ఆ గోడలలో నాకు గోర్మాజుననుభవించిన గౌరవభావము కలుగలేదు. ఊరి దిగువ మహాచర్చిలో మాత్రము తప్పక ఆగవలెను: 1486లో గ్రానడా యుద్ధమున మరణించిన యువకుడు మార్తీన్ వాజ్కెజ్ దె ఆర్సే, కవచము ధరించియే, సమాధిపై మోచేయానించి పుస్తకము చదువుకొనుచున్నాడు, ఆ రాతి పుటలను తాకవలెననిపించును. గోర్మాజ్ కాస్తీల్ చేజిక్కినది 1060లో, సిగ్వెంజా 1124లో. నడచువాడు నాలుగైదు దినములలో దాటిన ఈ నూరు కిలోమీటర్లు దాటుటకు సరిహద్దునకు అరువది నాలుగేండ్లు పట్టినది.

పోదలచినవారికి నాలుగు మాటలు. మే, జూను నెలల మొదటి భాగము, సెప్టెంబరు చివరనుండి అక్టోబరు నడిమివరకు మంచికాలము. జూలై, ఆగస్టులలో మిట్టమధ్యాహ్నము నీడ దొరకదు, శీతకాలమున గాలి కోసివేయును. మధ్యాహ్నము రెండునుండి ఐదువరకు అంగళ్లు మూసియుండును గనుక, ఉదయమే రొట్టె, జున్ను, పండ్లు కొనియుంచుకొనవలెను. శాకాహారులు ముందుగా అడిగి తినుట మేలు, వెల్లుల్లిచారులో సైతము మాంసపు తునక యుండవచ్చును. ఊరి తొట్టినీటిపై త్రాగరాదన్న పలకయున్నదేమో చూచి మరీ సీసా నింపుకొనవలెను. బుర్గో దె ఓస్మాకు రైలు లేదు, బస్సున చేరవలెను. సిగ్వెంజానుండి మాద్రిదునకు రైళ్లున్నవి, ప్రాంతీయ రైళ్లలో సైకిలునకు చోటు కొద్దిగానే యుండును గాన ముందే విచారించుకొనుడు. పెంతెకోస్తు ఆదివారమునకు అతియెంజా చేరునట్లు యాత్రను కుదుర్చుకొనగలిగినచో మరియు మంచిది. అట్లైనచో బస మాత్రము కొన్ని నెలలు ముందుగనే మాట్లాడుకొనవలెను, ఆ దినమున వలసపోయినవారందరును ఊరికి తిరిగివత్తురు.